ఎడమకాలికి పని లేని బండి

"ఎడమకాలికి పని లేని బండేటి బాబూ, అదీ ఒక బండేనా? కాలు ఇంటికాడ వదిలీసి రమ్మంటాడా ఏటి ఆ కంపెనీవోడు?"

కొండ ఘాటీలో టైడా మలుపు దగ్గర తన షెడ్డు ముందు కూర్చున్న సోంబరు చేతిలోని స్పానరును నేలకేసి కొట్టాడు. భాస్కర్ టపా సంచి భుజాన ఉండగానే బెంచీ మీద కూలబడ్డాడు. ఉత్తరాలు పంచే దారిలో ఈ మెకానిక్కు మాటలు వినందే అతనికి ముందుకు కాలు సాగదు.

ఇవాళ్టి కోపమంతా కూతురు సోని గురించి. లోయలో కొత్త రిసార్టువాళ్ళు అతిథుల కోసం టర్బో ఇంజను ఉన్న బుల్లి కారు కొన్నారు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. దానికి డ్రైవరుగా చేరదామని సోని పొద్దున ట్రయలుకి వెళ్ళింది. ఘాటీ ఎత్తులో టూరిస్టుల బళ్ళు బారులు తీరి ఆగిపోయాయి, వాటి మధ్యలో సోని. పది నిమిషాలకే కాలిన వాసన, స్టీరింగు ముందర ఎర్ర దీపం. బండి మొరాయించింది. రేపు పొద్దున ఇంకొక్కసారి చూస్తాననీ, అప్పుడూ తప్పితే వేరేవాణ్ణి పెట్టుకుంటాననీ మేనేజరు సర్వేశ్వరరావు తేల్చి చెప్పాడు.

"నాను నేర్పిన గుంట! ఎత్తులో బ్రేకు ముట్టకుండా సగం క్లచ్ తొక్కిపెట్టి జీపుని నిలబెట్టీసీది. బోనెట్టు మీద గ్లాసుడు నీళ్ళెడితే సుక్క ఒలకదు."

"మరి ఆ కారుకి క్లచ్ లేదా మావా?"

"ఎందుకు లేదు? ఒకటి సాలక రెండెట్టాడు! ఒకటి, మూడు, ఐదు గేర్లకొకటి. రెండు, నాలుగు, ఆరుకింకోటి. నువ్వు రెండులో ఉండగానే అది మూడు సిద్ధం సేసుకుని కూసుంటాది. రెప్ప కొట్టేలోగా మారిపోద్ది. పరుగులో నా సెయ్యి దానికి సాలదు, ఒప్పుకుంటాను. కానీ లోపల ఏటవుతోందో కాలికి తెల్దు! మామూలు బండైతే క్లచ్ కాలుతుంటే అరికాలే సెప్తాది."

భాస్కర్ బల్ల మీది పుస్తకం అందుకున్నాడు. ఆ కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. సోని దాన్ని తండ్రి ముందు విసిరేసి పోయింది. పాత నిఘంటువు ఒక్కటే గురువుగా ఇంగ్లీషు నేర్చుకున్న భాస్కర్, వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కున్నాడు.

"ఎత్తులో ఆగితే యాక్సిలరేటరు మీద బండిని పట్టి ఉంచొద్దట, బ్రేకు తొక్కి ఉంచాలట. లేకపోతే క్లచ్ వేడెక్కిపోతుందట. సోని ఏం చేసింది మావా?"

"ఏటి సేత్తాది? నాను నేర్పిందే. బ్రేకు ముట్టకుండా యాక్సిలరేటరు మీదే..."

సోంబరు చూపు పైకి పోయింది. షెడ్డు వాసానికి కాలి నల్లబడ్డ క్లచ్ ప్లేట్లు పాతిక దాకా వేలాడుతున్నాయి. అన్నీ తన జీపువే.

"అవన్నీ ఎందుకు కాలాయి మావా?"

"నోరు ముయ్యి."

సోంబరు నేల మీది స్పానరు తీసి తుడిచాడు.

"పొద్దున గుంట ఇదే మాటంది. 'నీ అలవాటే నా కొంప ముంచింది నాన్నా' అంది. నాకే నేర్పుతావా అని ఊరంతా ఇనబడేలా తిట్టీసాను." తల గోక్కున్నాడు. "నీ దారి మా ఇంటి మీంచే గదా. బేగి ఎల్లు. రేపు ఎత్తులో ఆగితే బ్రేకు మీంచి కాలు తియ్యొద్దని సెప్పు. పుస్తకంలో ఉందని సెప్పు, నాను ఒప్పుకున్నానని సెప్పకు. ఇదిగో, ఆ పుస్తకం కూడా పట్టుకెల్లు."