మా కాలువకు కిరాయి

రాజోలు దగ్గర మా ఊళ్ళో గడప తొక్కినవాడిని ముందుగా అడిగే మాట "భోంచేసేరా అండీ?" అన్నదే. వచ్చింది పొద్దున్న పదింటికా, సాయంత్రం నాలుగింటికా అన్నది లెక్క కాదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికైనా విస్తరి తప్పదు. తొంభైల నడుమ ఒక మధ్యాహ్నం, మెడలో తువ్వాలు, చంకలో డైరీ పెట్టుకుని ఒక సినిమా మేనేజరు మా అరుగెక్కినప్పుడు, ఆయన వచ్చిన పనేమిటో తెలియకముందే నేను ఆకు వేయించేశాను.

ఆయన పనసపొట్టు కూర మారు వేయించుకుని, చెయ్యి కడుక్కుని, మా మండువాలో నిలబడి చుట్టూ చూశారు. వెనక కొబ్బరితోటలోకి నడిచారు. తోట చివర కాలువ, రేవులో కట్టేసి ఉన్న పడవ చూసి ఆగిపోయారు.

"గురువుగారూ, ఇల్లు, తోట, ఆ పడవ, అన్నీ కావాలి మాకు. రోజుకి ఎంత అనుకుంటున్నారు?"

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళుంటాయి. డిగ్రీ చదివి, ఏ ఉద్యోగమూ చెయ్యకుండా, నాన్నగారి తోట చూసుకుంటున్నానని చెప్పుకుంటూ, కొత్త బొమ్మ వచ్చిన ప్రతిసారీ మొదటి ఆటకి అమలాపురం పరిగెత్తే మనిషిని. అలాంటివాడి ఎదురుగా నిలబడి సినిమావాళ్ళు నీ ఇల్లు కావాలని అడిగితే కాళ్ళు నేల మీద ఆనుతాయా?

"ఎంతా ఏవిటండీ? చుట్టాలొస్తే అద్దె తీసుకుంటావా అండి మేము?" అన్నాను.

"ఇల్లంటే సరేనండి. పడవకి, తోటలో మనుషులకి, వంటకి..."

"ఆయ్, అదంతా మేం చూసుకుంటావండి. మా ఊళ్ళో ఎవరూ రూపాయి ముట్టుకోరు."

మేనేజరు డైరీ టప్పున మూసేశారు. ఆ చప్పుడు నాకు చప్పట్లలా వినిపించింది.

ఇల్లు నాది, తోట నాది. పడవ నాది కాదు. చెట్లెక్కే కాళ్ళూ, పొయ్యి ఊదే ఊపిరీ నావి కావు. అవన్నీ నావే అన్నట్టు ఇచ్చేశానన్న ఆలోచన ఆ రోజు నాకు లేశమైనా రాలేదు. 

పడవ నడిపే ఆయన్ని నేను చిన్నప్పటి నుంచీ మావా అనేవాణ్ణి, ఆయన భార్యని అత్తా అని. చుట్టరికం లేదు, ఊరి వరస. లారీలు వచ్చాక మా కాలువలో పడవలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మావ పడవ మాత్రం మిగిలింది. ఒక షావుకారు కొబ్బరికాయల లోడు దాని మీదే అంబాజీపేటకి వెళ్ళేది. కాలువలు కట్టేసే వేసవి పోను, ఏడాదంతా ఆ ఇంటికి అదే తిండి.

"మావా, నీ పడవ సినిమాలో పడుతుందోయ్!" అన్నాను.

"నిజవా బాబూ!" అని మావ పడవ తోసే గెడ కింద పడేసి నవ్వాడు. కిరాయి సంగతి నేను మాట్లాడే ఉంటానని ఆయన నమ్మకం. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆ షూటింగు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పడవకి నీలం రంగు వేసి, అంచుకి పసుపు పట్టీ దిద్దారు. పాటలో ఒకే ముక్క స్పీకర్లో పదేపదే వెయ్యడంతో ఊరంతటికీ ఆ ముక్క నోటికొచ్చేసింది. దాని ముందేముందో, వెనకేముందో ఎవరికీ తెలీదు. మా అమ్మ పెరుగు చిలుకుతూ కూడా ఆ ముక్కే పాడేది. దింపు తీసే మనిషి రోజూ ఎక్కే చెట్టే ఎక్కి కాయలు కొడుతుంటే, సహజంగా లేదు, మళ్ళీ ఎక్కమన్నారు డైరెక్టరు. "మరెలా ఎక్కాలండీ?" అని అతను పై నుంచి కేకేశాడు. చర్చి వెనక పేటలోంచి వచ్చిన ఆడవాళ్ళు మా పెరట్లో గాడిపొయ్యి తవ్వి యూనిట్టంతటికీ వండారు. రొయ్యల ఇగురు వండిన రోజు లైట్లవాళ్ళు పని మానేసి వంటశాల దగ్గరే తచ్చాడారు.

హీరోయిన్‌కి నీళ్ళంటే భయం. పడవ ఊగితే కెవ్వుమనేది. అందుకని మావ మెడలోతు నీళ్ళలో దిగి, కెమెరాకి కనపడకుండా అవతలి వైపు నిలబడి, రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా అలాగే ఉన్నాడు.

యూనిట్టు వెళ్ళేటప్పుడు మేనేజరు నన్ను కావలించుకుని, "మీలాంటి ఊరు నేనెక్కడా చూడలేదు గురువుగారూ" అన్నారు. ఆ మాటే ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటూ తిరిగాను.

మర్నాడు మావ వచ్చి అరుగు పక్కన నిలబడ్డాడు.

"బాబూ, మరి నా కిరాయి..."

"కిరాయేవిటి మావా? వాళ్ళు మన చుట్టాల్లాంటోళ్ళు. మాటిచ్చేశాను."

మావ తల గోక్కుని "ఆయ్" అని వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. కాసేపటికి అత్త వచ్చింది. ఆమె పక్కన నిలబడలేదు. నేరుగా అరుగెక్కింది.

"ఏం బాబూ, నా పడవ మీకెప్పుడు రాసిచ్చేవండీ?"

"అది కాదత్తా, ఊరి మర్యాద అని ఒకటి..."

"మర్యాదేమో మీదీ, మెడలోతు నీళ్ళేమో మా ఆయనవీనా? ఇన్ని రోజులు పడవ రాకపోతే షావుకారు చూస్తా కూర్చుంటాడా? లోడు లారీకెత్తేసేడు. ఇంక రావద్దన్నాడు. ఇప్పుడీ నీలం పడవ మీద ఏం మొయ్యమంటారు, మీ మర్యాదా?"

లోపల్నుంచి మా ఆవిడ పక్కున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. లోడు పోయిందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. జేబులోంచి డబ్బు తీయబోయాను.

"మీ కాడ చెయ్యలేదండి మేవు. చేయించుకున్నోళ్ళని అడిగి తెండి" అని అత్త దిగి వెళ్ళిపోయింది.

నేను రాజోలు వెళ్ళి ఎస్టీడీ బూతులోంచి మేనేజరుకి ఫోను చేశాను. "గురువుగారూ!" అని ఆయన అవతల నుంచి ఎంత ఆప్యాయంగా పిలిచారంటే, పిల్లలెలా ఉన్నారని అడిగి, ఆవకాయ పంపిస్తానని చెప్పి పెట్టేశాను. పంపించాను కూడా. మా ఆవిడ జాడీకి గుడ్డ కడుతూ, "కిరాయి అడగడానికెళ్ళి పచ్చడి ఎదురిచ్చిన మొగుణ్ణి నేనొక్కదాన్నే కట్టుకున్నానేమో" అంది.

సినిమా వచ్చింది. ఊరంతా అమలాపురం కదిలింది. పాటలో నీలం పడవ తేలుతూ రాగానే హాలు ఈలలతో ఊగిపోయింది. ఒక్క క్షణం పడవ అంచున నాలుగు వేళ్ళు కనిపించాయి. "మావ! మావ వేళ్ళు!" అని మా వరుసంతా లేచి నిలబడింది. వెనకవాళ్ళు తిట్టారు. మావ సిగ్గుపడి చేతులు చంకల్లో దాచుకున్నాడు. అత్త కూడా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. 

తర్వాత పడవకి లోడు దొరకలేదు. మావ ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా పనికి వెళ్ళాడు. పడవ రేవు బురదలో ఒరిగి ఉండేది. నీలం రంగు పెచ్చులూడింది. నేను ఆ రేవు చూడలేక తోటకి చుట్టుదారిన వెళ్ళేవాణ్ణి. తప్పు చేసినవాడికి ఊరు ఎంత పెద్దదవుతుందో అప్పుడు తెలిసింది. చివరికి, వచ్చే వేసవికి పడవని కర్ర కోసం అమ్మేస్తామని అత్త అందరితోనూ చెప్పింది.

అలాంటి సమయంలో, రెండువేల సంవత్సరం దాటాక, అదే మేనేజరు మళ్ళీ రాజోలు వచ్చి లాడ్జిలో దిగి నాకు కబురు పెట్టారు. ఈసారి సినిమా కాదు, టీవీ సీరియలు. నెలనెలా వస్తారు, ఏడాదో రెండేళ్ళో నడుస్తుంది. కాలువ కావాలి, పడవ కావాలి. సీరియల్లో నాయకుడు పడవవాడట.

నేను చుట్టుదారి మానేసి రేవు మీదుగా అత్త ఇంటికి వెళ్ళాను.

"నువ్వు రావాలత్తా. నాకు అడగడం చేతకాదు."

"తెలుసండి. మీరు నోరిప్పితే పెరుగన్నం కలిపి పెట్టేస్తారు" అంది. అప్పటికప్పుడు మావకి కబురంపింది. పేటలో వంట చేసిన ఆడవాళ్ళతో, దింపు తీసే మనిషితో మాట్లాడింది. ఎవరికెంత కావాలో అడిగి తెలుసుకుంది. నేనెప్పుడూ చెయ్యని పని అది.

మర్నాడు నేనూ అత్తా ఆటోలో లాడ్జికి వెళ్ళాం. మేనేజరు ఎదురొచ్చారు.

"రండి గురువుగారూ! మా ఫీల్డులో మీ ఊరికి ఎంత పేరో తెలుసా? డబ్బడగని ఊరు! లొకేషను ఖర్చు దగ్గర మా ప్రొడ్యూసరు సున్నా చుట్టేశాడు."

అత్త నా వైపు చూసింది. కోపంగా కాదు. నేనేం చేస్తానో చూద్దామన్నట్టు. నేను ఒక్క పడవ కిరాయే పోగొట్టాననుకున్నాను. నా మాట మా ఊరికి ఒక పేరు కట్టి దేశం మీదకి వదిలింది. ఇక ఎవరొచ్చినా సున్నాతోనే వస్తారు.

"ఆ మాట నాదండి" అన్నాను. చెవులు కాలిపోతున్నాయి. "ఊరిది కాదు. వీళ్ళనెవర్నీ అడక్కుండా వీళ్ళ పని నేను దానం చేసేశాను. గొప్పకి పోయి చేసేను. దానివల్ల ఈవిడ పడవకి లోడు పోయింది. ఇప్పుడు పడవే పోయేలా ఉంది."

మేనేజరు డైరీ తెరిచారు. మళ్ళీ ఎవరైనా మాట్లాడేలోగా అత్త అందుకుంది. పడవకి రోజుకింత. రంగు వేస్తే, వెళ్ళేముందు పాత రంగు వాళ్ళే వెయ్యాలి. మావ గెడ వేస్తే ఒక కూలి, నీళ్ళలో దిగితే వేరే కూలి. వంట పేట ఆడవాళ్ళదే, రాజమండ్రి నుంచి క్యారేజీలు తెప్పించకూడదు. చెట్టు ఎన్నిసార్లు ఎక్కమంటే అన్ని ఎక్కుళ్ళకీ లెక్క.

"ఏవమ్మా, టీవీలో కనబడటం చాలదా?" అన్నారు మేనేజరు, తేరుకుని.

"పోయినసారి కనబడింది నాలుగు వేళ్ళేనండి. మిగతా మనిషి ఇంటికాడ అన్నం తినాలి గదండీ."

ఆయన పొలమారేదాకా నవ్వారు. గదిలోకి వెళ్ళి హైదరాబాదుకి ఫోను చేసి చాలాసేపు మాట్లాడారు. తిరిగొచ్చి, "ఒప్పించానమ్మా. గురువుగారి ఇల్లు ఎలాగూ ఉచితం కాబట్టి సరిపోతుంది" అన్నారు.

"అయ్యో, దానికేవుందండీ" అనబోయాను. అత్త నా మోచెయ్యి గిల్లింది.

"బాబుగారిల్లు ఊరికే ఇస్తే కుదరదండి. అంత పెద్దిల్లే ఊరికే ఇచ్చేరు, పడవకి డబ్బేవిటని రేపు ఇంకోళ్ళంటారు. ఆయన తీసుకుంటేనే మా రేటు నిలబడుద్ది."

ఇది నాకెప్పుడూ తట్టలేదు. నేను తీసుకోకపోవడం నా ఒక్కడి మంచితనం అనుకున్నాను. నా వెనక నిలబడ్డవాళ్ళ చేతులు కూడా వెనక్కి లాగుతున్నానని తెలియలేదు. గొంతు సవరించుకుని ఒక అంకె చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేనేజరు తలూపారు. ఆ ఊపులో, "కరెంటు బిల్లు వేరేనండి" అని కూడా అనేశాను. తిరుగు ఆటోలో అత్త ఆ మాట తలుచుకుని దారి పొడుగునా నవ్వింది.

మావ చెరువుల పని మానేసి వచ్చాడు. పడవని ఒడ్డుకి లాగి, సందుల్లో కొబ్బరిపీచు కూరి, తారు పూశాడు. నీళ్ళలోకి దించిన రోజు పేట పిల్లలంతా ఎక్కి కూర్చుని దిగమంటే దిగలేదు. సీరియలు రెండేళ్ళు దాటి నడిచింది. దాని వెనకే మరో రెండు యూనిట్లు వచ్చాయి. ఆడవాళ్ళు పెద్ద గిన్నెలు కొనుక్కుని పెళ్ళిళ్ళకి కూడా వండటం మొదలుపెట్టారు. పేట కుర్రాళ్ళిద్దరు లైట్ల పని నేర్చుకున్నారు. మా ఊరి వడ్రంగి అసలు తలుపు కంటే సెట్టు తలుపే బాగా చేస్తున్నాడని పేరు తెచ్చుకున్నాడు. కోనసీమ అందం గురించి నేను ఎన్నాళ్ళో ఉపన్యాసాలిచ్చాను. ఆ అందానికి రోజూ మనుషులు ఒళ్ళొంచి పని చేస్తేనే అది అలా ఉంటుందన్న సంగతి ఎప్పుడూ చెప్పలేదు, నాకు తెలిస్తేగా. ముందు ముందు ఈ కెమెరాలు ఇంకా చిన్నవవుతాయట, ఇంకా ఎక్కువమంది వస్తారట. రానివ్వండి. వచ్చినవాళ్ళకి మా ఇంట్లో భోజనం ఇప్పటికీ ఉంది. బేరం మాత్రం ఎవరి పనికి వాళ్ళే ఆడుకుంటారు.

ఆ తర్వాత ఒక శ్రావణంలో అత్త, మావ ఇంకో పడవ కొన్నారు. కొత్తపేట వైపు ఎక్కడో కర్రకి అమ్మేయబోతుంటే తెచ్చుకున్నారట. దాన్ని నిలుపుకోవడానికి మా తోట అంచున, కాలువ మలుపులో నీడ బాగుంటుందని అత్త అడగడానికొచ్చింది.

"నీడకెంతండీ బాబూ?"

"కట్టుకో అత్తా, నీడకి డబ్బేవిటి?"

"ఆయ్, అలా కుదరదండి. చెప్పండి."

చెప్పాను. ఎక్కువన్నది. తగ్గించాను. చెట్టు నుంచి కాయ పడి పడవ పగిలితే బాధ్యత మీదేనండి అంది. పడవ నీడలో కట్టమని ఎవరన్నారన్నాను. మావ మధ్యలో దూరబోతే ఇద్దరం కలిసి కసిరాం. చినుకులు మొదలయ్యాయి. ఎవరం కదల్లేదు. చివరికి ఆమె చెప్పిన దానికే ఒప్పుకుని, తడిసి ముద్దై, నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.