నేను ఆలస్యం చేసిన రీలు

మా అన్నంటే నాకు కుళ్ళు. నలభై రెండేళ్ల వయసులో ఒప్పుకుంటున్నాను కాబట్టి సిగ్గు కొంచెం తగ్గింది, కుళ్ళు మాత్రం తగ్గలేదు. ఆయన జీపు చూసి కాదు, ఇల్లు చూసి కాదు. ఆయన ఆదివారాలు చూసి.

మా నాయన ఒకప్పుడు కిరందుల్ గనుల దగ్గర క్యాంటీన్లో వంట చేసేవాడు. బదిలీ మీద పోతూ ఒక ఇంజినీరు ఆయనకు చేపలు పట్టే రీలు ఇచ్చి వెళ్లాడు. గాలం కర్రకు బిగించే చిన్న యంత్రం అది. పిడి తిప్పితే నైలాన్ దారం దానంతటదే చుట్టుకుంటుంది. ప్లాస్టిక్ ముక్క కూడా లేదు, అంతా లోహమే. శబరి ఒడ్డున ఉన్న మా ఊరికి తిరిగొచ్చాక, ప్రతి ఆదివారం నాయనా అన్నా ఆ రీలు పట్టుకుని నదికి పోయేవాళ్లు. నేను ఇంటి దగ్గరుండి, వాళ్లు తెచ్చిన చేపలకు పొలుసు తీసేదాన్ని. ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి పిడి తిప్పి చూశాను. నాయన తిట్టలేదు, కొట్టలేదు. నా చేతిలోంచి తీసి అన్న చేతికిచ్చాడు. కొట్టినా బాగుండేది.

పెద్దయ్యాక కుట్టుమిషన్ల రిపేరు నేర్చుకుని బజారులో దుకాణం పెట్టుకున్నాను. మా ఊరి సంత ఆదివారమే. మరైగూడ నుంచి, గొల్లపల్లి నుంచి మిషన్లు మోసుకొస్తారు. ఒకరితో హిందీ, ఒకరితో ఇక్కడి గిరిజనుల దోర్లి, ఇంకొకరితో తెలుగు మాట్లాడుతూ సాయంత్రందాకా ఊపిరాడదు. అయినా మధ్యమధ్య వాళ్లిద్దరూ నది దగ్గర పక్కపక్కన కూర్చునుంటారని గుర్తొచ్చి కడుపు మండేది. ఎదురుగా ఉన్న మిషన్ మీద విసుక్కునేదాన్ని.

పోయిన దీపావళి అయ్యాక అన్న ఆ రీలును తువ్వాలులో చుట్టి తెచ్చాడు. "చెల్లె, ఇది బంద్ పడ్డది. నాయన భుజం పనికిరాదాయె, చేత్తో గాలం విసరలేడు. నువ్వైతేనే బాగుచేస్తవు" అన్నాడు. ఎనిమిదేళ్లప్పుడు చేజారింది అలా నా ఒళ్లోకి వచ్చింది.

విప్పిన మరలు విప్పిన వరుసలోనే అన్నం పళ్లెంలో పేర్చుకున్నాను. లోపల గ్రీజు పాత బెల్లంలా గట్టిపడి ఉంది. కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఇత్తడి గేరు పళ్లు బయటపడ్డాయి. ఒక్క పన్నూ అరగలేదు. అసలు జబ్బు వేరేచోట ఉంది. దారాన్ని పట్టి చుట్టించే వంపు తీగ ఒకటుంటుంది. గాలం విసిరేటప్పుడు దాన్ని తెరవాలి, పిడి తిప్పగానే అది టక్కున మూసుకోవాలి. మూసే స్ప్రింగు విరిగిపోయింది. కుట్టుమిషన్లో దారం బిగువు దగ్గరుండే స్ప్రింగు వేసి చూశాను, దానికి బలం చాలలేదు. ఉక్కు తీగ తెచ్చి మేకు మీద చుట్టి మూడు స్ప్రింగులు చేశాను. రెండు పాడయ్యాయి. మూడోది కుదిరింది. గేరుకు పల్చగా గ్రీజు, పిడి ఇరుసుకు ఒక్క చుక్క నూనె. శనివారం మధ్యాహ్నానికి పిడి తిప్పితే టక్‌మని మూసుకుంది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మర్నాడు ఆదివారం. రీలు లేదు కాబట్టి నాయన నదికి పోలేదు. తోచక నా దుకాణానికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. రెండు వందల మందికి వండిన పప్పులో రెండుసార్లు ఉప్పు పడితే, కిరందుల్లో ఇల్లిల్లూ తిరిగి గుమ్మడికాయలు అడుక్కొచ్చి అందులో వేసిన సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆయనకు అలా నవ్వడం వచ్చని నాకు తెలియదు. నాకు దక్కిన మొదటి ఆదివారం అది.

ఆ సాయంత్రమే స్ప్రింగు ఊడదీసి గుండీల డబ్బాలో పడేశాను.

అప్పట్నుంచి నాయన ప్రతి ఆదివారం నా స్టూలు మీదే గడిపేవాడు. "అయిందా చెల్లె?" అని అన్న వారం వారం వచ్చేవాడు. స్ప్రింగు భద్రాచలంలో లేదన్నాను, విజయవాడకు చెప్పానన్నాను. ఒకసారి ఆయన మామూలుగానే "ఇంకా రాలేదా?" అంటే "నేనేమన్నా దాచిపెట్టుకున్ననా?" అని గయ్యిమన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. అన్న నా మొహం చూసి, నవ్వుతున్న నాయన మొహం చూసి వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరి ఇప్పపూలు రాలే రోజులదాకా ఇలాగే నడిచింది. ఎవరూ లేనప్పుడు స్ప్రింగు బిగించి, నాలుగుసార్లు తిప్పుకుని, మళ్లీ ఊడదీసేదాన్ని. అదో సరదా. ఒక ఆదివారం సాయంత్రం నాయన పొగాకు కోసం సంతలోకి పోయినప్పుడు అలాగే తిప్పుతున్నాను. తల ఎత్తితే గుమ్మంలో అన్న.

తిడతాడనుకున్నాను. పక్కన కూర్చుని, రీలు తీసుకుని, మెల్లగా పిడి తిప్పాడు.

"ఎన్నడైంది ఇది?"

"తెచ్చిన వారానికే."

"నాయన కోసమేనా?"

నేను తలొంచుకుని గుండీల డబ్బాకు మూత పెట్టాను.

"నదికాడ నాయన నాతోని ఒక్క మాట మాట్లాడడు, ఎరుకేనా? పొద్దుగూకేదాకా నీళ్లదిక్కే చూస్తడు. ఇన్నేండ్లు పక్కన కూసున్న, ఒక్కనాడు నవ్వలేదు. నీ దుకాన్‌ల నవ్వుతడు" అన్నాడు. నా కడుపులో మంట నాకొక్కదానికే సొంతమనుకున్నాను ఇన్నాళ్లూ. "నాయనను నువ్వే ఉంచుకో చెల్లె. నాకు రీలు చాలు."

తీసుకుని వెళ్లిపోయాడు. నాయన వచ్చి రీలు ఏదని అడిగితే అన్న పట్టుకుపోయాడని చెప్పాను. మిగతా మాటలు చెప్పలేదు. నిజం చెబితే, లోలోపల సంతోషపడ్డాను కూడా.

తర్వాతి ఆదివారం నేను దుకాణం తలుపు తీసేసరికే నాయన బయట నిలబడి ఉన్నాడు. స్నానం చేసి, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో ఎర్రల డబ్బాతో ఉన్నాడు. "వాడు నన్ను లేపలేదు బిడ్డా. ఎప్పుడు పోయిండో" అన్నాడు. మర్చిపోయి ఉంటాడులే అన్నాను. ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు. టీ తెప్పించాను. క్యాంటీన్ కబుర్లు నేనే ఎత్తాను, ఆ పప్పు సంగతి కూడా అడిగాను. ఊఁ అన్నాడు. నదికి పోయే దారివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ముప్పైనాలుగేళ్లు ఆ దారివైపు నేను చూసిన చూపే అది.

మధ్యాహ్నం సంత పలచబడ్డాక, ఆయన ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"ఆ రీలు మల్ల ఎప్పుడు చెడిపోతది బిడ్డా? చెడితే వాడు మల్ల ఇటు వస్తడు."

"చెడిపోదు నాయనా," అన్నాను. "మంచిగ చేసిన."