మూడో వరుస ఫ్లాస్కులు

1966 జూన్‌లో యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగంలో జూనియర్ రిసెర్చ్ ఫెలోగా చేరాను. హోదాలో లెక్చరర్‌కు కింద, ల్యాబ్ అటెండర్‌కు పైన. ఆ రెండో మాట మా అటెండర్ ఒప్పుకునేవాడు కాదు.

ఎలుక కొవ్వు నుంచి విడదీసిన కణాలు ఎక్కువ గ్లూకోజులో ఎలా శ్వాసిస్తాయో కొలవడం నా పని. కణాలున్న చిన్న ఫ్లాస్కులను గోరువెచ్చని నీటితొట్టిలో ఊపుతూ ఉంచాలి. అవి పీల్చే ఆక్సిజన్‌ను బట్టి మానోమీటరు గొట్టంలో రంగునీళ్లు కదులుతాయి. పది నిమిషాలకోసారి రీడింగు.

రెండో ఏడాది చలికాలంలో ఫలితం చిక్కింది. గ్లూకోజు పెంచిన ఫ్లాస్కుల్లో శ్వాస తగ్గింది, లాక్టిక్ ఆమ్లం పెరిగింది. తిండి ఎక్కువైతే కణానికి శక్తి పెరగాలి గానీ, ఇది ఆయాసపడుతోంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. శనివారం కమిటీ ముందు సెమినార్. నా ఫెలోషిప్ పొడిగిస్తారో, ఇంటికి పంపుతారో ఆ రోజే తేలుతుంది.

తార్నాకలో నేను అద్దెకున్న ఇల్లు సత్తమ్మగారిది. చిన్నమ్మా అని పిలిచేదాన్ని. బుధవారం సాయంత్రం ఆమె చక్కెర పాకంలో ఊరబెట్టే మురబ్బా కోసం ఉసిరికాయలను పుల్లతో పొడుస్తుంటే, పక్కన కూర్చుని గొప్పలు పోయాను. పాకంలో కాయ ముడుచుకున్నట్టే చక్కెర ఎక్కువై నా కణాలు దెబ్బతింటున్నాయన్నాను. ఆమె చెయ్యి ఆపలేదు.

“ఉప్పుల ఏసినా గిట్లనే ముడుసుకపోతది బిడ్డా. మరి నీ దాంట్ల చక్కెరే చేసిందని ఎట్ల చెప్తవ్?”

నాకు ఒళ్లు మండింది. అడిగింది సరైన ప్రశ్నే కాబట్టి మండింది. గ్లూకోజు పెంచితే ద్రావణం చిక్కదనమూ పెరుగుతుంది, కణంలోని నీరు బయటికొస్తుంది. శ్వాస తగ్గింది అందుకేనేమో.

మర్నాడు మా ప్రొఫెసర్‌గారికి చెప్పాను. ఆయన అలమరలోంచి మానిటాల్ సీసా తీసిచ్చారు. అదీ చక్కెర జాతిదే, ద్రావణాన్ని అంతే చిక్కబరుస్తుంది, కానీ కణం దాన్ని వాడుకోలేదు. దీంతోనూ శ్వాస తగ్గితే శనివారం చెప్పడానికి ఏమీ మిగలదని హెచ్చరించారు.

శుక్రవారం మూడు వరుసలు పెట్టాను: మామూలు గ్లూకోజు, ఎక్కువ గ్లూకోజు, మామూలు గ్లూకోజుకు తోడు మానిటాల్. మొదటి రెండు రీడింగుల్లో మూడో వరుస రెండోదాని వెంటే పడిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాతి రీడింగుకు అది నిలదొక్కుకుంది. నాలుగోదానికి మొదటి వరుసను అందుకోబోయింది, రెండోది మాత్రం పడుతూనే ఉంది. అంటే దెబ్బతీసింది చిక్కదనం కాదు, గ్లూకోజే. కళ్లను నమ్మలేక అటెండర్‌ను పిలిచి చదివించాను. ఇద్దరి అంకెలూ ఒకటే. తర్వాత ప్రమోషన్లు వచ్చినప్పుడు కూడా నేను అంత సంబరపడలేదు.

సెమినార్‌లో బయటినుంచి వచ్చిన పరీక్షకుడి మొదటి ప్రశ్నే మానిటాల్ పెట్టి చూశారా అని. గ్రాఫు చూపించాను. ఆలోచన ఎవరిదన్నారు. సత్తమ్మగారిదన్నాను. ఆమె ఏ విభాగమని అడిగారు. మా ఇంటి ఓనరని చెప్పాక కమిటీ నవ్వింది, ఫెలోషిప్ పొడిగించింది.

ఒకటి కలిపినప్పుడు దానితోపాటు ఇంకేం మారిందో చూడనిదే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. నేను గైడ్‌గా ఉన్నన్నాళ్లూ మూడో వరుస లేని నోటుబుక్కు మీద సంతకం పెట్టలేదు. విద్యార్థులు తిట్టుకునేవారని నాకు తెలుసు.