ఉప్పు పెట్టమన్న డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయిన మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. మొదటి షిఫ్టుకు బయలుదేరినవాళ్లు దారిలో ఆ కబురు విని సైకిళ్లు ఆమె క్వార్టరు వైపు తిప్పారు. గోదావరిఖనిలో డ్యూటీకి వెళ్లే మనిషి దారి మళ్లడం చిన్న విషయం కాదు. ఈ ఊళ్లో ఆమె ఒక పోరు గెలిచారు. అది రాసి పెట్టాలనిపించింది.

ఆమె మా కాలనీ దవాఖానకు పెద్ద. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినా మా మాట బాగా పట్టుబడింది. నాడి చూసేటప్పుడు కళ్లు మూసుకుని, "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవారు. రోగి కూర సంగతి చెబుతూ భయం మరచిపోయేవాడు. భయం పోయాక కొట్టుకునేదే అసలు నాడి అని ఆమె అనేవారు.

ఆమె పోరంతా చప్పిడి పథ్యం మీద. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మా ఇళ్లలో మొదట చేసే పని ఉప్పు మానిపించడం. ఉప్పు తింటే దప్పిక అవుతుందని, నీళ్లు తాగితే రోగం పెరుగుతుందని నమ్మకం. ఉప్పు లేని గంజి, గొంతు తడిసేంత నీళ్లు, అంతే. అసలే మావాళ్లు ఎండాకాలంలో బొగ్గు బావి లోపల చెమటతో బోలెడంత ఉప్పు పోగొట్టుకుని పైకి వచ్చేవారు.

నేను కాన్వెంటులో చదువుతున్న రోజుల్లో, ఒక వేసవి సెలవుల్లో మా బాపుకు ఆ రోగం వచ్చింది. ఆయన టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లరు. చేతులు ఇనుములా ఉండేవి. నాయనమ్మ పథ్యం మొదలుపెట్టింది. విరేచనాలు తగ్గాయి, మనిషి మాత్రం తేరుకోలేదు. ఒక మధ్యాహ్నం మంచం దిగబోయి, కాళ్లలో సత్తువ లేక కూలబడ్డాడు. ఒక్కొక్క మాటకూ ఊపిరి కోసం ఆగుతున్నాడు. పక్కింటి కాక రిక్షా పిలుచుకొచ్చి దవాఖానకు చేర్చాడు.

డాక్టరమ్మ బాపు చెయ్యి పట్టుకున్నారు. కూర సంగతి అడగలేదు.

"ఉప్పు ఎన్నడు బంద్ చేసిన్రు?"

"రోగమొచ్చిన్నాటి సంది పెట్టలే డాక్టరమ్మా," అంది నాయనమ్మ గర్వంగా. "పథ్యం మంచిగ చేసిన."

"చేసినవ్ లే అవ్వా. చప్పిడి కూర నువ్వు నోట్ల పెట్టవు. నీ కొడుకు గుండె ఎట్ల తింటది?"

తరువాత నా వైపు తిరిగారు. "ఒంట్ల తీరుతీరు ఉప్పులుంటయి బిడ్డా. గుండె సక్కగ కొట్టుకోవాలన్నా, రొమ్ము లేచి ఊపిరి ఆడాలన్నా అవి సరిపాళ్లల్ల ఉండాలె. విరేచనాలల్ల కొట్టుకపోయినయి. పొటాషియం అనేది మరీ తగ్గినట్టున్నది. అందుకే గుండె తాళం తప్పుతున్నది."

"జల్ది ఎక్కియ్యుండ్రి మరి," అన్నాడు కాక.

"జల్ది ఎక్కిస్తే గుండె ఆగుతది. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే."

గుండె గీతలు తీసే యంత్రం పెద్దాసుపత్రిలో ఉంది. బాపును అంత దూరం కదిలించే వీలు లేదు. ఉన్న ఒక్క నర్సు కాన్పు గదిలో ఉంది. డాక్టరమ్మ పొటాషియం కలిపిన సెలైను సీసా వేలాడదీసి, నా వేళ్లు తెచ్చి బాపు మణికట్టు మీద పెట్టారు.

"ఇది తప్పినప్పుడల్ల 'తప్పింది' అను. నేను చుక్కలు చూస్కుంట."

క్లాసులో జవాబు తెలిసినా నోరు విప్పని పిల్లను నేను. వార్డంతా చూస్తోంది. వేళ్ల కింద నాడి నడిచి నడిచి, ఒకచోట ఖాళీ వచ్చింది.

"తప్పింది," అన్నాను.

"బల్లి పలికినట్టున్నది. నాకినపడాలె."

గట్టిగా అన్నాను. మళ్లీ మళ్లీ అన్నాను. ఆమె సీసా దగ్గర నిలబడి, చుక్కలను ఒకసారి సాగదీస్తూ, ఒకసారి దగ్గర చేస్తూ ఉన్నారు. నాయనమ్మ గోడకు ఆనుకుని, నేను ఆ మాట అన్నప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంది. రానురాను ఆ మాట అనవలసిన అవసరం తగ్గింది. పొద్దు వాలే వేళకు వార్డులో నా గొంతు వినిపించడం లేదు.

"ఏందే, నోరు పడిపోయిందా?" అన్నారు డాక్టరమ్మ.

"తప్పుతలేదు."

ఆమె వచ్చి బాపు రెండో చెయ్యి అందుకుని కళ్లు మూసుకున్నారు. "ఏం కూర తింటవయ్యా?"

"ఏదైతేంది డాక్టరమ్మా, జర ఉప్పేసి పెట్టమనుండ్రి మా అవ్వను." ఎక్కడా ఆగకుండా అన్నాడు బాపు. ఆ వాక్యం చివరిదాకా ఒకే ఊపిరి మీద నడవడం విన్న సంతోషం ఏ పుస్తకంలోనూ నాకు మళ్లీ దొరకలేదు.

ఆ తరువాత డాక్టరమ్మకు కాలనీలో దొరికిన మొదటి సైనికురాలు మా నాయనమ్మే. ఎవరింట్లో విరేచనాలని తెలిసినా వెళ్లి పొయ్యి దగ్గర కూర్చునేది. "చప్పిడి పెట్టి సంపుతరా? ఉప్పు, చక్కెర కలిపి నీళ్లు తాపుండ్రి," అని కోడళ్లను తిట్టేది. బావిలోకి ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు తీసుకుపొమ్మంటే మొదట్లో మగవాళ్లు నవ్వారు. "పెండ్లికి పోతున్నమా అవ్వా, షర్బతు ఎందుకు?" అన్నారు. ఆ ఎండాకాలం కండరాలు పట్టేసినవాళ్లను పైకి మోసుకురావడం తగ్గిపోయేసరికి నవ్వు ఆపి సీసాలు వెతుక్కున్నారు. డాక్టరమ్మ ఎవరినీ ఎత్తిపొడవలేదు. "బతికినోళ్లతోని పంచాయితీ ఏంది?" అనేవారు.

మంగళవారం సాయంత్రం ఆమెను క్రైస్తవుల సమాధుల తోటకు తీసుకువెళ్లాం. దారంతా ఎత్తు. శవపెట్టె మోసేవాళ్లు మారుతూ వచ్చారు. బాపు మారలేదు.

"ఇటియ్యన్నా, జరసేపు నేను పడత," అన్నాడొకతను.

"నాకేం ఆయాసం లేదు తమ్మీ, నడువు," అన్నాడు బాపు.

నేను వెనకే నడిచాను. మిట్ట ఎక్కాక గాలి తగిలింది. బాపు వీపున చెమట ఆరుతోంది. నల్లచొక్కా మీద ఉప్పు తెల్లగా, చారలు చారలుగా తేలుతోంది.