“నువ్వు చూసినవా?” అని అడిగే కాక

మా పక్క క్వార్టర్ కాక మొన్న తెల్లవారకముందే పోయాడు. మొదటి షిఫ్టుకు బయలుదేరినవాళ్ళు చెబితే నేను నమ్మలేదు. “ఎవరు చెప్పిన్రు? నువ్వు చూసినవా?” అని అడగడం నాకు అలవాటు చేసింది ఆయనే. వెళ్ళి చూశాను. నిజమే.

గోదావరిఖని గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి. దేన్నీ ఊరికే నమ్మేవాడు కాదు. మందుల షాపులో ఇచ్చిన గోలీని తిప్పి తిప్పి చూసిగానీ మింగేవాడు కాదు. ఎన్నికల మాటలంటే మరీ అనుమానం. జనం రెండు ముక్కలయ్యారని టీవీలో ఎవరైనా అంటే, “ఎవన్ని అడిగి చెప్తున్నవ్‌రా?” అని టీవీనే నిలదీసేవాడు.

పోయిన ఎన్నికలప్పుడు మా వరుసలోని ఫిట్టర్ ఇంటి మీద జెండాను ఎవరో చింపేశారు. ఎదురింటి డ్రైవర్‌ది అవతలి పార్టీ. ఇంకేముంది, అతని పనేనని అందరం అనుకున్నాం. ఎక్కడినుంచో కారులో దిగిన నలుగురు ఫిట్టర్‌ను ఎగదోస్తున్నారు. అతని చేతికి కర్ర కూడా వచ్చింది.

కాక లుంగీ ఎగ్గట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. “చింపంగ చూసిందెవరు?”

చూసినవాళ్ళెవరూ లేరు. కారువాళ్ళ వైపు తిరిగాడు.

“మీది ఏ గల్లీ బిడ్డా? మాకే ఇప్పుడెరుకైంది. మీరింత జల్ది ఎట్ల వచ్చిన్రు?”

వాళ్ళు మెల్లగా కారు వైపు జరిగారు. అప్పుడు డ్రైవర్ నోరు విప్పాడు.

“నీ పార్టీ అంటే నాకు పడదన్నా. గది నిజమే. కని మొన్న మీ అవ్వకు దమ్మొస్తే దవాఖానకు తీస్కపోయింది నేనే గద. నీ ఇల్లెక్కి జెండా చింపుతనా?”

ఫిట్టర్ కర్ర దించాడు. కారు వెళ్ళిపోయింది. చింపిందెవరో ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం, “మనోళ్ళంతా ఒక్కటే కాకా” అన్నాను సంతోషంగా. నన్నూ అనుమానంగానే చూశాడు.

“ఒక్కటని నీకెవరు చెప్పిన్రు? లడాయి ఉన్నది. టీవోళ్ళు చెప్పేటంత లేదు, గంతే.”

ఆయన ఓటు ఎవరికో ఆయన భార్య, మా చిన్నమ్మకు కూడా తెలియదు.

కాక పాడె మోయడానికి ఫిట్టర్, డ్రైవర్ ఇద్దరూ వస్తారా అని అనుమానపడుతూనే నిలబడ్డాను. వచ్చారు. ముందు చెరోవైపు భుజం పట్టారు. గోదావరిలో స్నానాలయ్యాక, ఈసారి గెలిచేదెవరని ఒడ్డునే మొదలుపెట్టారు.

“మీకు డిపాజిట్ గూడ రాదు!”

“మీ సంగతి చూస్కోన్రి ముందుగాల!”

అలా అరుచుకుంటూనే డ్రైవర్ తడి పంచెను చెరో కొస పట్టుకుని మెలిపెట్టి పిండుతున్నారు. నీళ్ళు ఇద్దరి పాదాల మీదా కారుతున్నాయి.