నాలుగు మూలలా పసుపు

అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్పని గది దొరకడం కష్టం. నాకూ, నా స్నేహితుడికీ గది కూడా దొరకలేదు. ఒక మొబైల్ కవర్ల దుకాణంలో సగం కౌంటర్ దొరికింది. దాన్నే మావాడు ‘స్టోర్’ అన్నాడు. విజిటింగ్ కార్డుల మీద తన హోదా ‘ఫౌండర్’ అని వేయించుకున్నాడు. నేను కో-ఫౌండర్‌ని. అంటే షట్టర్ ఎత్తేవాణ్ని.

మేం అమ్మబోయేది క్రికెట్ కార్డులు. మిగతా సగం కౌంటర్‌లో కవర్లు అమ్ముకునే అన్న వాటిని చూసి పెదవి విరిచాడు.

"గీ బొమ్మలు పైసలిచ్చి ఎవడు కొంటడు? మా చిన్నప్పుడు బబుల్‌గమ్‌తోని ముఫ్త్‌ల వస్తుండె."

"ఇది కలెక్టర్ల మార్కెట్ భాయ్, నీకర్థం కాదు," అన్నాడు మావాడు, వాళ్లమ్మ మధురానగర్ నుంచి పంపిన పులిహోర తింటూ.

సరుకులో నిజంగా విలువైనది ఒక్కటే. పాత బ్యాట్స్‌మన్ ఒకాయన స్వయంగా సంతకం చేసిన కార్డు. మావాడు ఉద్యోగం మానేసినప్పుడు చేతికొచ్చిందంతా దాని మీదే పోశాడు. సోమాజిగూడ పళ్ల డాక్టరొకాయన ఓపెనింగ్ రోజున వచ్చి, చూసి తీసుకుంటానన్నాడు. ఆయన కొంటే దుకాణం ఉంటుంది. లేకపోతే మావాడికి మళ్లీ రెజ్యూమే. అందుకే ఆ కార్డుని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఐసీయూలో బిడ్డని చూపించినట్టు దూరం నుంచే చూపించేవాడు.

"ముందు మూలలే చూస్తార్రా. నాలుగూ పదునుగా ఉండాలి. ఒక్కటి మెత్తబడినా కార్డు చచ్చినట్టే."

ఈ ఉపన్యాసం నేను విన్నాను, కవర్ల అన్న విన్నాడు, టీ అమ్మేవాడూ విన్నాడు. వాళ్లమ్మ మాత్రం వినలేదు. అమ్మకి చెప్పాల్సినంత విషయమని ఫౌండర్‌గారికి తోచలేదు.

ఓపెనింగ్ రోజు వాళ్లమ్మ, అదే నాకు ఆంటీ, పూజ పళ్లెంతో వచ్చింది. మావాడు డాక్టరుకి దారి చూపించడానికి పంజాగుట్ట వైపు ఎదురెళ్లాడు. నేను బయట స్టూలెక్కి బ్యానర్ కట్టాను. దిగి స్టూలు పట్టుకుని లోపలికొచ్చేసరికి ఆంటీ తన పని ముగించింది. కొత్త బట్టలకీ, శుభలేఖలకీ పెట్టినట్టే కార్డుకి నాలుగు మూలలా తడి పసుపు. బ్యాట్స్‌మన్ నుదుట కుంకుమ. బొట్టు మాత్రం చాలా గుండ్రంగా కుదిరింది.

"ఆంటీ, డబ్బాలకెల్లి ఎందుకు తీసిన్రు?"

"పైన పెడితే డబ్బాకి పెట్టినట్టవుతుంది బాబూ. మావాడు ప్రాణంలా చూసుకునేది దీన్నే కదా!"

ఇంతలో డాక్టరు వచ్చాడు. పళ్లు చూసే భూతద్దాల కళ్లజోడు కూడా తెచ్చుకున్నాడు. ఆయన వెనకే వచ్చిన మావాడు కార్డు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"కూసుంటే కూసో గని, దాని కాలు ఊగుతది," అన్నాను.

డాక్టరు ఒక్కో మూలనీ పుచ్చు పన్ను చూసినట్టు చూశాడు. తలెత్తి ఆంటీని చూశాడు.

"మీరే పెట్టారామ్మా?"

"అవును డాక్టరు గారూ. మొదటి బేరం మీదే, మంచి జరగాలని."

"బాగుందమ్మా. నేను... మళ్లీ వస్తాను."

మళ్లీ వస్తానంటే ఏమిటో ఈ ఊళ్లో దుకాణం పెట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆంటీ వదల్లేదు.

"బోణీ వేళ వట్టి చేతుల్తో వెళ్తారా?"

ఆయన మామూలు కార్డుల ప్యాకెట్ ఒకటి కొనుక్కుని వెళ్లిపోయాడు, మత్తు లేకుండా పన్ను పీకించుకున్న మొహంతో.

"అది తీసుకోలేదేంట్రా?" అంది ఆంటీ.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడుపు, అరుపు, శాపనార్థాలు, వరసగా అన్నీ వస్తాయనుకున్నాను. మావాడు నేల చూస్తూ అన్నాడు:

"రేటు కుదర్లేదమ్మా."

"పోన్లే. అంత మంచిదాన్ని మొదటి రోజే అమ్ముకుంటారా ఎవరన్నా?"

కవర్ల అన్న నా చెవి దగ్గరికి వంగాడు. "ముఫ్త్‌ల వచ్చినప్పుడే మస్తుండె."

ఆంటీ పళ్లెం తీసుకుని ప్యాకెట్ల పెట్టె వైపు తిరిగింది. ఒక ప్యాకెట్ అంచు చింపబోతోంది. ఇక మేం అమ్ముకోగలిగింది అవే. నేను కౌంటర్ మీంచి దూకాను.

"ఆంటీ, ఆగున్రి! వీటికి పెట్టె మీదనే పెట్టాలె!"

"అలాగా? ముందే చెప్పాల్సింది," అంది ఆంటీ.

పెట్టెకి నాలుగు మూలలా పసుపు రాసింది. మిగిలిన కుంకుమ ఫౌండర్ నుదుట పెట్టింది. అతను ఆ బొట్టుతోనే ఫోన్ తీసి, రెజ్యూమే ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.