అక్క చేతుల వణుకు

పటమటలో మా ఇంటి దగ్గర జిమ్‌లో చేరి వారమైంది. ఇవాళ బరువులెత్తి కూర్చున్నాక నీళ్ల సీసా మూత తిప్పబోతే చేతులు ఒకటే వణుకు. ఆ వణుకు చూడగానే పామర్రులో మా అక్క గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. అక్క కాలేజీ తరఫున వెయిట్‌లిఫ్టింగ్ చేసేది. పొద్దున్నే ప్రాక్టీసు నుంచి వచ్చి, చెమట బట్టలతోనే నాకు జడలు వేసేది. ఒకరోజు చిక్కు గట్టిగా లాగిందని తన చెయ్యి కొరికాను. మర్నాడు పాపిడి తీస్తుంటే దువ్వెన నా నెత్తిమీద టకటకలాడింది. తిరిగి చూస్తే అక్క వేళ్లు వణుకుతున్నాయి. నేనంటే భయం పట్టుకుందనుకున్నాను. పాపం, జాలేసింది.

"భయపడకక్కా, ఇవాళ కొరకన్లే," అన్నాను.

"అలాగేనండీ, తమ దయ," అంది అక్క, నవ్వాపుకుంటూ.

అంతంత బరువులెత్తే మా అక్కకి నేనంటే హడలని ఆ ఏడాదంతా బళ్లో చెప్పుకు తిరిగాను. అక్క ఒక్కసారీ కాదనలేదు.

మూత రాక సీసా పక్కన పెట్టేశాను. ఇలాంటి చేతులతోనే అక్క రోజూ నాకు రెండు జడలు అల్లి, రిబ్బన్లు పువ్వుల్లా ముడేసి బడికి పంపేది.